అశ్వర్థ సారు మీసం

అశ్వర్థ సారు పోయారని నా కాలేజీ స్నేహితురాలు ఖుర్షీద్ హిందూపురం నుంచి మెసేజ్ పెట్టిన వారంలోనే నన్ను పెనుకొండలో ఒక కాలేజీకి పిలిచారు. నేను లెక్చరర్ ఉద్యోగం నుంచి రిటైరై కొన్నేళ్లయింది. రకరకాల ఇళ్ల నుంచి, రకరకాల భాషల నుంచి వచ్చిన పిల్లలున్న తరగతిలో అందరికీ అందేట్టు పాఠం ఎలా చెప్పాలో అక్కడి లెక్చరర్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి బెంగళూరు నుంచి వచ్చాడు. ఏ ఒక్క విద్యార్థినీ వదిలేయకూడదన్న విషయాన్ని ఆయన తెర వైపు తిరిగి, తెర మీది అక్షరాలకు చాలాసేపు వివరించాడు. నేను పెదవులు చూసి మాట తెలుసుకునే మనిషిని. ఆ పూట నాకు బాగా పరిచయమైంది ఆయన వీపు. భోజనాల దగ్గర పక్కకు వచ్చి "ఎలా ఉంది మేడమ్?" అని అడిగితే బాగుందన్నాను. చొక్కా గురించి. నా వంతు వచ్చేసరికి, రాసుకెళ్లింది పక్కన పెట్టి అశ్వర్థ సారు సంగతి చెబుదామనుకున్నాను. టైము లేదన్నారు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నాను.

మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మనుషులు అని చెప్పుకోవడం మర్యాద. నిజానికి మగ్గం పోగా మిగిలిన జాగాలో మేముండేవాళ్లం. నాయన తెల్లవారకముందే మగ్గం గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చునేవాడు. పోగుల మధ్య నాడె ఇటు నుంచి అటు పోతుంటే ఇల్లంతా దడదడమనేది. అమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలకు పట్టునూలు చుట్టేది. తడి పట్టుకు ఒక వాసన ఉంటుంది, కాస్త చేపల వాసనలాంటిది, అలవాటు లేనివాళ్లు ముక్కు మూసుకుంటారు. మాకు అది ఇంటి వాసన. ఇంట్లో ఆ చప్పుడు మధ్య ఎవరూ నోటితో మాట్లాడుకునేవారు కాదు. అమ్మ కనుబొమ ఎగరేస్తే ఏమి కావాలని, అరచెయ్యి బోర్లిస్తే అయిపోయిందని అర్థం. నాయనకు మంచినీళ్లు కావాలంటే బొటనవేలు చూపించేవాడు. పెద్ద పెద్ద గొడవలు కూడా మా ఇంట్లో చేతులతోనే జరిగి చేతులతోనే చల్లారేవి. నాకు మాటలు వచ్చిన కొత్తలో పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటు వినికిడి కూడా పోయిందన్న సంగతి ఎవరూ గమనించలేదు. గమనించే అవసరం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

బడిలో వేశాక అయ్యవారు కబురు చేశాడు, మీ పాప పిలిస్తే పలకడం లేదని. నాయన నన్ను పరీక్ష చేశాడు. నేను గోడ వైపు తిరిగి ఆడుకుంటుంటే నా వెనక ఇత్తడి చెంబు కింద పడేశాడు. బండల మీద చెంబు పడితే కాళ్లకు తెలుస్తుంది. నేను తిరిగి చూశాను. "పాపకు శుభ్రంగా ఇనపడుతుండాది" అని నాయన అయ్యవారికి చెప్పి వచ్చాడు. నిజం తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. తెలిశాక కూడా ఇంట్లో పెద్ద మార్పేమీ రాలేదు. అమ్మ మాత్రం అప్పటి నుంచి నాతో మాట్లాడేటప్పుడు నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకునేది. నేను ముందు బెంచీలో కూర్చుని, అయ్యవార్ల పెదవులు చూసి, చూడనిది పుస్తకంలో చదివి, ఇంటర్ దాకా వచ్చేశాను. పెదవులు చూసి తెలుసుకోవడం జనం అనుకున్నంత గొప్ప విద్య కాదు. పాట, బాట, మాట అనే మూడూ పెదవుల మీద ఒకటే. ఏది అన్నారో ముందు వెనకలు చూసి ఊహించుకోవాలి. ఊహ తప్పితే తల ఊపి ఊరుకోవాలి. తల ఊపడంలో నేను చిన్నప్పుడే ఆరితేరాను.

డిగ్రీకి నన్ను హిందూపురంలో అమ్మమ్మ దగ్గర పెట్టారు. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్లం. తాత పోయాక అవ్వ ఒంటరిగా ఉండేది, ఆమెకు తోడు, నాకు చదువు అని నాయన లెక్క. అవ్వ ఇల్లు చింతపండు గోదాముల వెనక సందులో ఉండేది. ఆ సందులో ఎండాకాలం మిరప ఘాటు, వానాకాలం చింతపండు పులుపు. ఏ కాలమైనా తుమ్మకుండా ఇంటికి చేరిన చుట్టం లేడు. అవ్వ పొద్దున్నే రాగిముద్ద గెలికి, శనక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి, నాకు పెట్టి, తాను తిని, ఇంక సాయంత్రం దాకా వసారాలో కూర్చుని గోదాము వాళ్ల చింతపండుకు గింజలు తీసేది. నన్ను పిలవాలంటే ఒక చింతగింజ విసిరేది. ఆమె గురి తప్పేది కాదు. భుజం మీద పడితే మామూలు పని, తల మీద పడితే తొందర పని. అవ్వ మడకశిర వైపు మనిషి, సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడేది. దానికి తోడు నోట్లో ఎప్పుడూ వక్కాకు. మొదటి నెల నాకు ఆమె పెదవుల్లో ఒక్క ముక్క అంతుబట్టలేదు. ఒకరోజు ఆ సంగతి చెప్పాను. అవ్వ లేచి వాకిట్లోకి పోయి ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చి నా ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు చూడు. సాయంత్రం వంకాయ తెచ్చేదా, బెండకాయ తెచ్చేదా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడే ముందు ఉమ్మడం మానలేదు. రోజుకు ఎన్ని ఆకులు వృథా అయ్యాయో తెలియదు. ప్రేమ గురించి నాకు తెలిసిన వాటిలో ఇది ముఖ్యమైనది.

కాలేజీలో నా పక్కన కూర్చునేది ఖుర్షీద్. వాళ్ల నాయన పరుపులు కుట్టేవాడు. ఆమె పుస్తకం అంచున ఎప్పుడూ దూదిపోగు ఒకటి అంటుకుని ఉండేది. నాకు వినపడదని మొదటిరోజే కనిపెట్టింది, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. నాయన కాలేజీలో చేర్చేటప్పుడు ఈ సంగతి చెప్పలేదు. చెబితే చేర్చుకోరేమోనని భయం. ఇంగ్లీషు మేడమ్, పొలిటికల్ సైన్సు సారు, తెలుగు పంతులు అందరూ కాస్త నెమ్మదిగా, కాస్త ఎదురుగా మాట్లాడేవాళ్లు కాబట్టి బండి నడిచింది. హిస్టరీ దగ్గర ఆగిపోయింది.

హిస్టరీ చెప్పే అశ్వర్థ సారుది ఆమడగూరు దగ్గర ఒక పల్లె. అప్పటికి ముప్ఫై దాటాయో లేదో. ఆ మీసం మాత్రం ఆయన కంటే పెద్దదిగా కనపడేది. పైపెదవిని పూర్తిగా, కిందిపెదవిని సగం కప్పేసి, రెండు పక్కలా గడ్డం దాకా దిగేది. ఆయన మాట్లాడుతుంటే మీసం కదిలేది, అంతే. లోపల మాట పుట్టి లోపలే ఉండిపోయేది. నేను కనుబొమలను బట్టి పాఠం పట్టుకోవాలని చూశాను. యుద్ధం జరుగుతోందా, సంధి జరుగుతోందా అన్నంత వరకు తెలిసేది. ఎవరికీ ఎవరికీ మధ్య అన్నది తెలిసేది కాదు. ఖుర్షీద్ ఆయన మాటల్ని నా వైపు తిరిగి చప్పుడు లేకుండా పెదవులతో మళ్లీ అని చూసింది. అట్లా చేస్తే ఆమె నోట్సు రాసుకోలేదు, నేను చూస్తూ రాసుకోలేను. ఇద్దరికీ నోట్సు లేకుండా పోయింది. చివరికి నేను ముందు బెంచీలో ఆ మీసం మీదే కళ్లు పెట్టి, ఎప్పుడైనా సందు దొరికి ఒక మాట బయటపడకపోతుందా అని రెప్ప వేయకుండా కాచుకుని కూర్చోవడం మొదలుపెట్టాను.

ఒక వయసు పిల్ల లెక్చరర్ నోటి వైపు గంటసేపు రెప్ప వేయకుండా చూస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారో నాకు తట్టలేదు. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. నాకు వినపడవు కాబట్టి నన్ను బాధించలేదు. సారుకు వినపడేవి. ఆయన కిటికీ వైపు తిరిగి పాఠం చెప్పసాగారు. నేను కిటికీ వైపు బెంచీకి మారాను. ఆయన తలుపు వైపు తిరిగారు. నేనూ మారాను. చివరికి స్టాఫ్ రూములో ఎవరో ఏదో అన్నారట. మరునాడు ప్రిన్సిపాల్ పిలిచి, ఇంటి పెద్దల్ని తీసుకురమ్మన్నారు.

నాయన ధర్మవరం నుంచి పొద్దున ప్యాసింజర్‌లో వచ్చాడు. కబురు ఎట్లా చేరిందో ఏమో గానీ, "మీ పాప సారును చూస్తాంది" అన్నంత వరకే చేరింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా ముఖం వైపు చూడకుండా అవ్వ ఇంట్లో ముద్ద తిన్నాడు. అవ్వ వక్కాకు వేసుకోకుండా బయలుదేరింది. అది చూసి ఇది పెద్ద విషయమని నాకు అర్థమైంది. ప్రిన్సిపాల్ గదిలో సారు ఒక పక్క గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ప్రిన్సిపాల్‌కు మీసం లేదు, ఆయన మాటలు నాకు బాగా కనపడ్డాయి.

"మీ అమ్మాయి క్లాసులో సారు వైపు అదే పనిగా చూస్తోందండీ. మిగతా పిల్లలు నవ్వుకుంటున్నారు. ఆయన పెళ్లయిన మనిషి. రేపు ఏదైనా మాట వస్తే అందరికీ ఇబ్బంది."

నాయన తల వంచుకున్నాడు. జవాబు అవ్వ ఇచ్చింది. "చూడకపోతే దానికి ఇనపడదు గదప్పా."

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు నాయన నెమ్మదిగా చెప్పాడు. "పాపకు చెవులు ఇనపడవు సార్. నోరు చూసి తెలుసుకుంటాది. చేర్చేటప్పుడు చెప్పలేదు. చెప్తే యాడ వద్దంటారో అని."

తర్వాత సారు ఏదో అన్నారు. మీసం కదిలింది. ప్రిన్సిపాల్ నా వైపు తిరిగి చెప్పారు, "ఇన్నాళ్లూ సారు చెప్పిన పాఠం ఎంత అర్థమైందని అడుగుతున్నారమ్మా."

"కనపడలేదు సార్" అన్నాను.

అవ్వ సారు దగ్గరికి రెండడుగులు వేసి, ఆయన ముఖంలోకి చూస్తూ, సంతలో గుమ్మడికాయ గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీసం అడ్డమొస్తాందప్పా. రోంత కత్తిరిస్తే పాపకు సదువు అందుతాది."

సారు చెయ్యి మీసం మీదికి పోయింది. ఆయన ఏమన్నారో ఆ రోజు ఇంటికి పోయేదారిలో అవ్వ నాకు చెప్పింది. "మా నాయన బతికే ఉండాడవ్వా" అన్నారట. మా వైపు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. తండ్రి బతికుండగా తీయడమంటే తండ్రికి కీడు కోరడం. అది అవ్వకు తెలియని విషయం కాదు. "నూరేండ్లు ఉండనీ" అని ఒక్క మాట అని వెనక్కి వచ్చి నిలబడింది. ఇంక అడగడానికి ఏమీ లేదు. ప్రిన్సిపాల్ మంచితనంగానే ఒక దారి చెప్పారు. కాలేజీకి రావడం మానేసి, ఇంట్లో చదువుకుని ప్రైవేటుగా పరీక్షలు రాయవచ్చట. నాయన ముఖంలో సరేనన్న మాట తయారవడం నాకు కనపడింది. ఇల్లంటే మగ్గం, మగ్గమంటే నేను అమ్మ పక్కన ఇంకో రాట్నం దగ్గర కూర్చోవడం. ఆ రాట్నం నాయన అప్పటికే మనసులో ఎక్కడ పెట్టాలో కూడా చూసుకుని ఉంటాడు. అప్పుడు సారు మీసం మళ్లీ కదిలింది. "ఒక వారం చూద్దాం సార్" అన్నారట. ఏమి చూడబోతున్నారో ఆయనకే తెలియదని తర్వాత ఎప్పుడో చెప్పారు.

ఆ సోమవారం సారు తరగతిలోకి వచ్చేసరికి అందరూ లేచి నిలబడి, నిలబడ్డవాళ్లు కూర్చోవడం మర్చిపోయారు. మీసానికి ఆముదం పట్టించి, రెండు కొసలూ మెలితిప్పి, బుగ్గల మీదికి ఎక్కించుకుని వచ్చారు. ఎవరినో కొట్టడానికి బయలుదేరిన మనిషిలా ఉన్నారు. వెనక ఒకడికి దగ్గు వచ్చింది, అది తరగతంతా పాకింది. సారు ఎవరినీ ఏమీ అనకుండా నా ఎదురుగా వచ్చి నిలబడి, "కనపడుతుందా?" అని అడిగారు. పైపెదవి సగం, కిందిపెదవి మొత్తం. కనపడుతోందన్నాను. ఆ ప్రశ్నే నాకు ఆయన నోటి నుంచి అందిన మొదటి మాట. ఆ తర్వాత అందిన మాట "విజయనగర."

అయితే ఆముదం ఎంతసేపని ఆగుతుంది. హిందూపురం ఎండకు, గంట సగమయ్యేసరికి కొసలు మెల్లగా దిగడం మొదలుపెట్టేవి. ఇంకాసేపటికి మీసం పాత చోటికి వచ్చి తలుపు మూసుకునేది. కొన్నాళ్లు చూసి సారు దానికి తగ్గట్టు పాఠాన్ని సర్దుకున్నారు. మీసం నిలబడి ఉన్నంతసేపు ముఖ్యమైనవి చెప్పేసేవారు. రాజులు, యుద్ధాలు, ఎందుకు గెలిచారు, ఎందుకు ఓడారు. మీసం దిగాక మాట్లాడటం ఆపి, చెప్పినదంతా బోర్డు మీద రాసేవారు. రాస్తూ మాట్లాడేవారు కాదు, రాయడం అయ్యాకే ఇటు తిరిగేవారు. బోర్డు నిండా రాయడం ఆ కాలేజీలో కొత్త. అది నా ఒక్కదాని కోసమే మొదలైంది. అయితే అమరాపురం నుంచి వచ్చిన రంగప్ప అనే అబ్బాయి బోర్డు చూసి రాసుకుంటూ ఒకరోజు ఏడ్చాడు. సారు పోయి వాడి పుస్తకం చూస్తే తెలుగులో చెప్పిన పాఠమంతా కన్నడ అక్షరాల్లో ఉంది. పదో తరగతి దాకా కన్నడంలో చదివి వచ్చాడు. చెవిన పడినంత గబగబా రాసుకునేవాడు, సగం పడేది కాదు. ఆ రోజు మొదటిసారి పాఠం పూర్తిగా దొరికింది.

"ఇన్నాళ్లూ అర్థమైందా అంటే అయిందని తల ఊపితివి గదరా?" అన్నారు సారు.

"అందరూ ఊపుతాండ్రి సార్" అన్నాడు రంగప్ప.

ఆ తర్వాత సారు అర్థమైందా అని అడగడం మానేశారు. పాఠం చివర రంగప్పను లేపి, అదే పాఠాన్ని కన్నడంలో చెప్పమనేవారు. వాడు చెబుతుంటే మడకశిర వైపు పిల్లలు గబగబా పుస్తకాలు తెరిచేవారు. తప్పు చెబితే వాళ్లే లేచి సరిదిద్దేవారు. ఇంకోరోజు ఖుర్షీద్‌ను లేపి ఉర్దూలో చెప్పమన్నారు. "మా ఇంట్లో కూడా తెలుగే సార్" అంది ఖుర్షీద్. సారు కాసేపు ఆలోచించి, అయితే తెలుగులోనే చెప్పమన్నారు. ఆమె చెప్పిన పాఠం సారు చెప్పినదాని కంటే బాగుందని అందరూ అనుకున్నారు, సారుతో సహా.

ఇదంతా మిగతా లెక్చరర్లకు వేడుకగా ఉండేది. స్టాఫ్ రూములో ఆయనకు ఏవో పేర్లు పెట్టారు. చొక్కా కాలర్ల మీద ఆముదం మరకలు పోవడం లేదని ఇంట్లో గొడవ. వేసవి సెలవులు వచ్చేసరికి ఆయన మెలితిప్పే కొసలు ఒక పక్కకు ఎక్కువ, ఒక పక్కకు తక్కువ నిలబడుతూ, ఒక కన్నుకు కోపం, ఒక కన్నుకు శాంతం వచ్చినట్టుండేది. సెలవులకు ఆయన గోరంట్ల మీదుగా బస్సులో ఊరికి పోయారు. అక్కడ జరిగినది తిరిగి వచ్చాక ఆయనే తరగతిలో మాకు చెప్పారు. పాఠం చెప్పినట్టే, నవ్వకుండా.

ఆయన నాయన నాగప్ప. మెట్ట చేను, ఒక గొర్రెల మంద. మీసం ఆ ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన ఆస్తి. నాగప్ప మీసం కొడుకు మీసం కంటే పెద్దది. కొడుకు బస్సు దిగి ఇంటికి రాగానే ఆయన అరుగు మీద నుంచి చూసి, "ఏమబ్బా, మీసం మెలేసుకోని వస్తాండావు. ఎవునితోనన్నా తగువా?" అని అడిగాడట.

"తగువు లేదు నాయనా. ఒక పాపకు పాఠం కనపడాల."

"పాఠం కనపడేదేంది? ఇనపడాల గానీ."

సారు సంగతంతా చెప్పారు. నాగప్ప గొర్రెల్ని తోలుకుని పోయాడు. సాయంత్రం తిరిగి వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. తెల్లారాక క్షౌరం చేసే ఓబులేసును ఇంటికి పిలిపించాడు. కొడుకును అరుగు మీద కూర్చోబెట్టి, ఎదురుగా తాను కూర్చుని, "తీయప్పా" అన్నాడు. ఓబులేసు కత్తి పెట్టెలోంచి తీయలేదు. "పెద్దాయన ఎదురుగా కూచోనుండంగా కొడుకు మీసం తీస్తే నా కత్తికి మంచిది గాదు" అని లేచి వెళ్లిపోయాడు. లోపల సారు అమ్మ అప్పటికే ఏడుస్తోంది. నాగప్ప కాసేపు చూసి, దొడ్లోకి పోయి గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చాడు. ఏటా మందనంతా కత్తిరించే చెయ్యి. కొడుకు తలను మోకాళ్ల మధ్య పెట్టుకుని, కదలొద్దని చెప్పి, పని ముగించాడు. "నేను పోయినాక తీస్తే నేను చూస్తానా? ఇప్పుడైతే చూస్తాండా" అన్నాడట.

సారు మరుసటి రోజు నీళ్ల కోసమో దేనికోసమో ఊళ్లోకి వచ్చేసరికి చూసినవాళ్లు చూసినట్టే ఆగిపోయారు. ఎవరూ ఏమీ అడగలేదు. అట్లాంటివి అడగరు. గంట గడిచేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా జనం నాగప్ప ఇంటికి బయలుదేరారు. ఆడవాళ్లు వీధి మొదట్లోనే గొంతెత్తారు. అరుగు మీద నాగప్ప కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "ఇంగా పోలేదు. రాండి, కూచోండి" అన్నాడట. వచ్చినవాళ్లను ఊరికే పంపకూడదని అందరికీ మజ్జిగ ఇప్పించాడు. తన గురించి ఎవరు ఎంత ఏడ్చారో ఆయన గమనించి పెట్టుకున్నాడని, తక్కువ ఏడ్చిన చుట్టాలతో ఆ తర్వాత మాటలు తగ్గించాడని సారు చెప్పారు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరితో పాటు, అదే క్షణంలో. అంతకు ముందు తరగతిలో నేను ఎప్పుడూ అందరూ నవ్వాక నవ్వేదాన్ని.

సారు అమ్మ మాత్రం నవ్వలేదు. కొడుకుతో మాటలు మానేసింది. ఆ ఏడాది వానలు మొదలయ్యాక నాగప్పకు జ్వరం పట్టుకుని వదలకుండా పోయింది. సారు సెలవు పెట్టి ఊరికి వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లారో నాకు చెప్పకూడదని అందరూ అనుకున్నారు గానీ, పెదవులు చూసేవాళ్ల దగ్గర రహస్యాలు ఆగవు. స్టాఫ్ రూము కిటికీ లోంచి నాకు అంతా కనపడింది. ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ గింజలు తీయడం ఆపి చాలాసేపు చేతులు అట్లాగే పెట్టుకుని కూర్చుంది. మీసం అడిగింది తానే కదా. మరునాడు ఆమె, ఖుర్షీద్ వాళ్ల అమ్మ కలిసి ప్యాసింజర్ ఎక్కి పెనుకొండ దర్గాకు వెళ్లి, ఎప్పుడూ చూడని నాగప్ప పేరు మీద చక్కెర పెట్టి ప్రార్థన చదివించి వచ్చారు. నేను అన్నం తినలేకపోయాను. ఆ మనిషికి ఏదైనా అయితే, నేను చదివే ప్రతి అక్షరం కింద ఆయన పేరు ఉంటుందనిపించింది. అవ్వ నన్నేమీ ఓదార్చలేదు. వక్కాకు ఉమ్మి వచ్చి ఎదురుగా కూర్చుని, "నువ్వు సదువు. ఆయప్ప పని ఆయప్ప చూసుకుంటాడు" అంది.

ఆయప్ప చూసుకున్నాడు. జ్వరం తగ్గింది. తగ్గాక, హిందూపురంలో గొర్రెల సంతకు వచ్చినప్పుడు కొడుకును వెంటబెట్టుకుని అవ్వ ఇంటికి వచ్చాడు. గోదాము ఘాటుకు గుమ్మంలోనే చాలాసేపు తుమ్మాడు. నన్ను నిలబెట్టి ఎగాదిగా చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ మీసం వెనక ఏమి జరుగుతోందో నాకు ఒక్క ముక్క తెలియలేదు. ఆయన చేతులు ఊపుతూ, మధ్యలో కొడుకును చూపిస్తూ, ఆకాశం చూపిస్తూ, చాలాసేపు మాట్లాడాడు. ఆయన ఆపాక నేను అవ్వ వైపు చూశాను. "బాగా సదువుకోమంటాండాడు" అంది అవ్వ. మిగిలిందంతా ఏమిటని తర్వాత ఎన్నిసార్లు అడిగినా అంతే అంది. నాగప్ప ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆయన పోయేనాటికి నేను ధర్మవరంలో ఉద్యోగం చేస్తున్నాను. చూడటానికి వెళ్లాను. కర్మ రోజు ఓబులేసు కొడుకు కత్తి పట్టుకుని వచ్చి, సారు ముఖం చూసి, తల మాత్రం గీసి వెళ్లిపోయాడు. సారు ఆ వేసవి తర్వాత మీసం మళ్లీ పెంచనే లేదు. వాళ్ల అమ్మ ఆ రోజు ఆయన పక్కన కూర్చుని ఆయన గుండు మీద చెయ్యి వేసింది. ఆమె మాటలు ఎప్పుడో కలిపిందట. ఎప్పుడన్నది ఆయన చెప్పలేదు.

మీసం తీసేశాక ఒక విషయం తెలిసింది. సారు గొప్పగా పాఠం చెప్పే మనిషి కాదు. మామూలుగా చెప్పేవారు. పుస్తకంలో ఉన్నదే, కాస్త అటూ ఇటూ. అన్నాళ్లు ఆ మీసం వెనక ఏవో అద్భుతాలు పోతున్నాయని బాధపడ్డాను. అయినా మిగతా సబ్జెక్టులన్నీ వదిలి నేను హిస్టరీనే తీసుకున్నాను, హిస్టరీనే ముప్ఫై ఏళ్లు చెప్పాను. నాకంటే బాగా చెప్పేవాళ్లు నా చుట్టూ ఎప్పుడూ ఉన్నారు. రంగప్ప మడకశిరలో టీచరై రిటైరయ్యాడు. ఖుర్షీద్ డిగ్రీ అయ్యాక తండ్రి పరుపుల షాపే పెద్దది చేసింది. ఇప్పుడు ఆమె దగ్గర పనిచేసేవాళ్లతో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ మాట్లాడుతుంది. ఉర్దూ షాపులో నేర్చుకుంది.

ఇప్పుడు నా చెవికి మిషను ఉంది. ఫోను ముందు పెడితే ఎదుటివాళ్ల మాటలు అక్షరాలై తెర మీద పరిగెత్తుతాయి. మంచి విద్య. పుస్తకాల తెలుగైతే బాగా రాస్తుంది. "యాడికి పోతాండావు" అంటే కాసేపు ఆలోచించి వేరే ఏదో రాసుకుంటుంది, మా వైపు వాళ్లు చెప్పేది దానికీ అందదు. కాలేజీల్లో వాలు దారులు వేశారు, పెద్ద తెరలు పెట్టారు, ఈ విషయం మీద చదువుకున్నవాళ్లు వచ్చి చెబుతున్నారు. అప్పుడు ఇవేవీ లేవు. లేకపోవడం గొప్పని నేననను. నాకు పాఠం కనపడటానికి ఒక ముసలాయన ప్రాణం మీద ఊరంతా అనుమానపడాల్సి వచ్చింది. ప్రతి పిల్లకూ ఒక నాగప్ప దొరకడు. తెరలే నయం.

పెనుకొండలో సభ అయ్యాక స్టేషన్‌కు వస్తే, అక్కడి కామర్స్ లెక్చరర్ మహేష్ అనే యువకుడు కూడా అదే రైలుకు వచ్చాడు. ఇల్లు ధర్మవరమట. పక్కన కూర్చున్నాడు. తన క్లాసులో గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉందని, ఏడాది నుంచి నోరు తెరవలేదని చెప్పాడు. "అన్నీ చేసి చూసినా మేడమ్. ముందు బెంచీలో కూచోబెట్టినా. గ్రూపుల్లో వేసినా. వీడియోలు చూపించినా. ఇయ్యాల చెప్పినవన్నీ నేను ముందే చేసినా."

"ఆ పాప ఏమంది?"

"ఏమీ అనలేదు మేడమ్."

"నువ్వు ఏమని అడిగితే?"

ఆయన నా వైపు చూశాడు, తర్వాత పట్టాల వైపు చూశాడు. "అడగలేదు మేడమ్" అన్నాడు. తర్వాత, "ఏమని అడగాల?" అన్నాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు, ఆ అమ్మాయిని నేను చూడలేదు. రైలు వచ్చింది, ఎక్కాం. దుమ్ము గాలి లేచిందని ఎవరో కిటికీ అద్దాలు దించారు. బయట చీకటి పడుతోంది. మహేష్ కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. అద్దంలో ఆయన పెదవులు కదలడం నాకు కనపడింది. "చూడమ్మా, నీ సమస్య ఏమిటో నాతో చెప్పుకోవచ్చు" అన్నారు ఆ పెదవులు. తల అడ్డంగా ఊపుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. 'సమస్య' అన్న మాట పోయింది, 'కష్టం' వచ్చింది. కాసేపటికి 'కష్టం' కూడా పోయింది. నేను ఎదుటి సీటు వైపు చూస్తున్నట్టు కూర్చున్నాను. ధర్మవరం దగ్గరపడేసరికి వాక్యం చాలా చిన్నదైపోయింది. "క్లాసు నీకెట్లుండాది పాపా?" అని అద్దాన్ని అడిగి, జవాబు కోసం ఆగినట్టు ఆగాడు.